వంటపాత్రలు – వాటి పాత్రత

తెలుగులో ‘పాత్ర’ అనే మాటకు మూడు అర్థాలు ప్రసిద్ధంగా ఉన్నాయి. గిన్నె, చెంబు, కుండ మొదలైనవి పాత్రలు. నాటకంలో నటుడు ధరించే భూమిక కూడా పాత్రయే. దానం స్వీకరించడానికి తగినవాడు పాత్రుడు. ఆ తగిన గుణమే పాత్రత. ఈ మూడు అర్థాలలోనూ అంతర్లీనంగా ఉన్న భావం ఒక్కటే: తనలో ఉంచినదానిని చెడకుండా నిలుపుకోగలిగే యోగ్యత. అపాత్రదానం నిష్ఫలమని పెద్దలు చెబుతారు. తాండూరు కందిపప్పు ఎంత శ్రేష్ఠమైనదైనా, జొన్నపిండి ఎంత తాజాగా విసిరినదైనా, తగని గిన్నెలో పెట్టి పొయ్యిమీదికి ఎక్కిస్తే ఆ శ్రమ కూడా అపాత్రదానమే అవుతుంది.

మహాభారతంలోని అరణ్యపర్వంలో సూర్యభగవానుడు ధర్మరాజుకు ప్రసాదించిన అక్షయపాత్ర రాగితో చేసినదని వ్యాసుడు చెప్పాడు. ఆ పాత్రకు అడుగంటడం, చిలుము పట్టడం, కళాయి పోవడం వంటి చిక్కులు లేవు. మన వంటింటి పాత్రలకు అవన్నీ ఉన్నాయి. కనుక ఏ పాత్ర ఏ వంటకు తగినదో, ఏది ఏ పదార్థంతో పొసగదో తెలుసుకొని ఎన్నుకోవడం మనకు అవసరం. ఇది కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. ఇంటి ఖర్చు, వంటచెరకు లేదా గ్యాసు పొదుపు, అన్నింటికీ మించి ఇంటిల్లిపాది ఆరోగ్యం ఈ ఎంపికతో ముడిపడి ఉన్నాయి.

పేరులోనే పని

మన భాషలో వంటపాత్రలకు ఉన్నన్ని పేర్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కుండ, అటిక, చట్టి, మూకుడు, బాణలి, తపేలా, గంగాళం, కొప్పెర, గుండి, గంజు, సర్వ, పెనం, మంగలం – ఇవి ఒకే వస్తువుకు పర్యాయపదాలు కావు. ప్రతి పేరు ఒక ఆకారాన్ని, ఆ ఆకారం చేసే పనిని సూచిస్తుంది. కుండకు కడుపు పెద్దది, మూతి చిన్నది. అందువల్ల ఆవిరి త్వరగా బయటికి పోదు. అన్నం, పప్పు మెత్తగా ఉడుకుతాయి. మూకుడుకు నోరు విశాలం. తేమ తొందరగా ఆవిరై పోతుంది, కూర వేగుతుంది. పెనానికి అంచు ఉండదు. రొట్టెను తిరగవేయడానికి చేతికి అడ్డు రాకూడదు కదా! మంగలం ధాన్యం వేయించే పెంకు. ‘మంగలంలో పేలాలవలె’ అనే పోలిక ఆ పాత్ర మన వంటిళ్ళలో ఎంతగా వాడుకలో ఉండేదో తెలుపుతుంది.

వికారాబాద్ జిల్లాలోని కుల్కచర్ల వంటి ఊళ్ళలో జొన్నరొట్టెలు కాల్చే పెనాన్ని ‘పెంక’ అంటారు. పగిలిన కుండముక్కను మనం పెంకు అంటాం. ఈ రెండు మాటలు దగ్గరి చుట్టాలవలె వినిపిస్తాయి. తెలంగాణలో పాత్ర పేరు ఏకంగా వంటకానికే పేరైన సందర్భం కూడా ఉన్నది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, పచ్చిమిర్చి కలిపి పాత్ర అడుగున అదిమి, మధ్య మధ్య వేలితో రంధ్రాలు చేసి, నూనెతో కాల్చే వంటకాన్ని కొందరు సర్వపిండి అంటారు. కొందరు గిన్నప్ప అంటారు. మరికొందరు తపేలా చెక్క అంటారు. సర్వ, గిన్నె, తపేలా – ఈ మూడూ పాత్రలే. ఏ ఇంట ఏ పాత్ర ఉన్నదో ఆ పేరే వంటకానికి వచ్చింది. పాత్రకు, పాకానికి గల సంబంధం ఎంత గాఢమైనదో చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

వేడి నడిచే తీరు

పొయ్యిమీది వేడి పాత్ర అడుగు గుండా ప్రయాణించి పదార్థాన్ని చేరుతుంది. ఈ ప్రయాణం అన్ని లోహాలలో ఒకే విధంగా సాగదు. ఉష్ణవాహకతను శాస్త్రజ్ఞులు సంఖ్యలలో చెబుతారు. ఆ లెక్కలో రాగికి సుమారు 400 ఉంటే, అల్యూమినియానికి 235, ఇత్తడికి 110 ప్రాంతం, పోత ఇనుముకు 50 ప్రాంతం ఉంటుంది. వంటింట్లో నేడు ఎక్కువగా కనిపించే స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 నుండి 16 మాత్రమే. మట్టికి దాదాపు ఒకటి. అంటే ఒకేచోట మంట తగిలినప్పుడు రాగి, అల్యూమినియం పాత్రలలో వేడి అన్ని వైపులకూ వేగంగా పాకుతుంది. స్టీలు గిన్నెలో మంట తగిలినచోటనే నిలిచిపోతుంది. పలుచని స్టీలు గిన్నెలో పాలు, పాయసం, పప్పు అడుగంటడానికి వండేవారి అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు; ఆ లోహపు స్వభావం కూడా కారణమే.

వేడిని ప్రసరింపజేయడం ఒక గుణమైతే, దానిని దాచుకోవడం మరొక గుణం. ఇనుము, అల్యూమినియం – ఈ రెండింటితో ఒకే కొలత, ఒకే మందం గల రెండు పెనాలు చేయించామనుకుందాం. ఇనుప పెనం రెండున్నర రెట్లకు పైగా బరువుగా ఉంటుంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద అది అల్యూమినియం పెనంకంటె ఎక్కువ వేడిని తనలో నిలుపుకుంటుంది. ఈ తేడా జొన్నరొట్టె కాల్చేటప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. రొట్టెను పెంకమీద వేసిన వెంటనే పైభాగాన్ని తడిచేత్తో నిమురుతారు. ఆ తడి, పిండిలోని తేమ కలిసి పెంకలోని వేడిని పీల్చుకుంటాయి. పలుచని పెనం ఒక్కసారిగా చల్లబడుతుంది. రొట్టె పొంగక గట్టిపడుతుంది. మందపాటి ఇనుప పెంక చల్లబడదు. వరుసగా పది రొట్టెలు కాల్చినా పదవది మొదటిదానివలెనే పొంగుతుంది. మన పెద్దలకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు. బరువైన పెంకను ఎన్నుకోవాలని మాత్రం తెలుసు.

పెనం కాగిందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరించడం మన ఇళ్ళలోని అలవాటు. నీటిచుక్క చుయ్యిమని అక్కడికక్కడే ఇగిరిపోతే పెనం ఒక మోస్తరుగా కాగినట్లు. చుక్క ముత్యంవలె గుండ్రమై పెనంమీద పరుగులు తీస్తే మరింత వేడెక్కినట్లు. చుక్క కింద ఏర్పడిన ఆవిరిపొర దానిని పెనానికి తగలకుండా పైకి ఎత్తిపట్టడమే ఇందుకు కారణం. జర్మనీకి చెందిన లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు 1756లో ఈ విషయాన్ని గ్రంథస్థం చేశాడు. దానిని మన వంటిళ్ళు నిత్యం ప్రయోగించి చూస్తూనే ఉన్నాయి.

పులుపుతో పరీక్ష

తెలుగువారి వంటలో చింతపండుది పెద్దపీట. పులుసు, చారు, పచ్చిపులుసు, పప్పుచారు – ఇవి లేని భోజనం మనకు వెలితిగా తోస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మ, టమాట, మజ్జిగలలోని ఆమ్లాలు లోహాలతో చర్య జరుపుతాయి. కావున ‘ఈ పాత్ర పులుపును తట్టుకుంటుందా?’ అన్నది తెలుగు వంటింట్లో ప్రతి పాత్రకూ పెట్టవలసిన తొలి పరీక్ష.

ఈ పరీక్షలో రాగి, ఇత్తడి నేరుగా నెగ్గలేవు. పులుపు తగిలితే రాగి కరిగి ఆహారంలో చేరుతుంది. కడుపులో వికారం, వాంతులు కలుగుతాయి. పాత్రమీద పచ్చగా కనిపించే చిలుము ఇటువంటి చర్యకు గుర్తు. అందుకే వాటి లోపలివైపు తగరపు పూత వేస్తారు. దానినే కళాయి అంటాం. ‘పాత్రలకు కళాయి వేస్తాం’ అని కేకవేస్తూ కొలిమితిత్తితో వీధులవెంట తిరిగే పనివారు ఒకప్పుడు ప్రతి ఊరికీ వచ్చేవారు. తగరం సుమారు 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. కనుక కళాయి వేసిన గిన్నెను ఖాళీగా పొయ్యిమీద ఉంచరాదు. అందులో వేపుళ్ళు చేయరాదు. కళాయి పోయి లోపలి ఎరుపు లేదా పసుపు బయటపడినప్పుడు, తిరిగి పూత వేయించేవరకు ఆ పాత్రలో వంట మానవలసినదే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను వెలువరించింది. పులుపు కలిసిన పచ్చళ్ళు, సాంబారు వంటివాటిని అల్యూమినియం, ఇనుము, పూత లేని రాగి, ఇత్తడి పాత్రలలో నిలువ ఉంచరాదని అందులో సూచించింది. వండటానికీ నిలువ ఉంచడానికీ గల భేదాన్ని ఇక్కడ గమనించాలి. అరగంటసేపు జరిగే చర్య వేరు. రాత్రంతా జరిగే చర్య వేరు. వండిన పులుసును వెంటనే స్టీలు, గాజు లేదా పింగాణీ పాత్రలోకి మార్చుకోవడం మంచి అలవాటు.

మట్టి, రాయి

మట్టికుండ వేడిని నెమ్మదిగా గ్రహిస్తుంది, నెమ్మదిగా విడుస్తుంది. పప్పు, పులుసు, పాలు సన్నని సెగమీద కాగడానికి ఇది అనుకూలమైనది. పులుపుతో దానికి పేచీ లేదు. పైన చెప్పిన మార్గదర్శకాలు కూడా మట్టిపాత్రలను అన్నిటికంటె క్షేమకరమైనవిగా పేర్కొన్నాయి. అయితే కుండను కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, వేలితో తట్టినప్పుడు ఖంగుమని మోగాలి. బొంగురుగా ధ్వనిస్తే పగులు ఉన్నట్లు. రెండవది, లోపల మెరుగుపూత ఉండరాదు. నాసిరకం మెరుగుపూతలలో సీసం కలిసే ప్రమాదం ఉన్నది. కొత్తకుండను ఒకనాడు నీటిలో నాననిచ్చి, తరువాత అందులో గంజి కాచి వార్చితే సన్నని రంధ్రాలు పూడుకుంటాయి. ఖాళీకుండను పెద్దమంటమీద పెట్టినా, వేడికుండలో చన్నీళ్ళు పోసినా పగులుతుంది.

కుండ పగలడం ఇంటిలో ఎంత పెద్ద వ్యవహారమో మన సామెతలే చెబుతాయి. అత్త చేజారిన కుండ అడుగోటికుండ, కోడలు చేజారిన కుండ కొత్తకుండ అట! వస్తువు విలువను మనిషి స్థానాన్నిబట్టి నిర్ణయించే లోకరీతిపై ఇది చక్కని వ్యంగ్యం. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అనే మరొక సామెత కుండ వెనుక ఉన్న శ్రమను గుర్తుచేస్తుంది. ఊరి కుమ్మరి వద్ద ఒక కుండ కొనడం వంటింటికి మేలు. ఆ వృత్తికి ఊపిరి.

బలపపు రాతితో తొలిచిన రాతిచిప్పలు కూడా పులుసులకు పేరుపొందినవి. వాటిని క్రమంగా వేడికి అలవాటు చేయాలి. ఒకసారి అలవాటుపడితే తరతరాలు నిలుస్తాయి. దించిన తరువాత కూడా పులుసు చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది కనుక, కాస్త ముందుగానే దించుకోవాలి.

ఇనుము

రొట్టెలకు, అట్లకు, వేపుళ్ళకు ఇనుమును మించినది లేదు. ఇనుప పాత్రకు మరొక విశేషం ఉన్నది. వండేటప్పుడు కొంత ఇనుము ఆహారంలోకి చేరుతుంది. అమెరికాలో 1986లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, 100 గ్రాముల ఆపిల్ గుజ్జులో 0.35 మిల్లీగ్రాములుగా ఉన్న ఇనుము, ఇనుప మూకుడులో వండిన పిదప 7 మిల్లీగ్రాములు దాటినట్లు తేలింది. పులుపు, తేమ ఎక్కువగా ఉన్న పదార్థాలలో ఈ చేరిక ఎక్కువ. పొడిగా కాలే రొట్టెలో తక్కువ.

ఈ విషయం మనకు ఎందుకు ముఖ్యమో ఆలోచించాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ మధ్య వయసుగల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంటే ఈ పాఠం చదువుతున్న ప్రతి తరగతిలోనూ, ప్రతి ఇంటిలోనూ ఈ సమస్య ఉండే అవకాశం ఉన్నది. ఇనుప మూకుడు ఔషధం కాదు. రక్తహీనత ఉన్నవారు వైద్యుని సలహా పొంది తీరాలి. తలసేమియా వంటి వ్యాధులు ఉన్నవారికి అదనపు ఇనుము హానికరం కూడా కావచ్చు. కానీ ఆకుకూర, టమాటకూర వంటివి ఇనుప మూకుడులో వండుకోవడం ఖర్చులేని చిన్న సహాయం. కూర కాస్త నల్లబడితే భయపడనక్కరలేదు; కాయగూరలలోని వగరు ఇనుముతో కలిసినప్పుడు ఆ రంగు వస్తుంది. చింతపండు పులుసును మాత్రం అందులో ఎక్కువసేపు మరిగిస్తే లోహపు రుచి వస్తుంది.

ఇనుముకు శత్రువు తుప్పు. కడిగిన వెంటనే తుడిచి, పొయ్యిమీద ఆరబెట్టి, నూనెచేయి రాస్తే తుప్పు పట్టదు. పలుచగా రాసిన నూనె వేడికి గట్టిపడి నల్లని నునుపైన పొరగా మారుతుంది. ఏళ్ళతరబడి వాడిన పెంకమీద అట్టు అంటుకోకపోవడానికి కారణం ఈ పొరయే. దానిని ఇసుకతోనో, ఇనుపపీచుతోనో గీకి తెల్లగా మెరిపించడం ఆ పెంకకు చేసిన సేవ కాదు.

అల్యూమినియం

మన పల్లెల్లో సత్తు అని, సిల్వర్ అని పిలిచే గిన్నెలు నిజానికి అల్యూమినియంతో చేసినవే. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ ఒకరికి తెలియకుండా ఒకరు విద్యుత్తు సహాయంతో ఈ లోహాన్ని చౌకగా తీసే పద్ధతిని కనుగొన్నారు. అంతకుముందు విలువైన లోహంగా చలామణి అయిన అల్యూమినియం ఆ తరువాత పేదవాని గిన్నె అయింది. ఇది తేలిక, చౌక. వేడిని చక్కగా ప్రసరింపజేస్తుంది. అన్నం వండటానికి, నీళ్ళు కాచడానికి పనికివస్తుంది. పులుపుకు, వంటసోడాకు మాత్రం ఇది కరుగుతుంది. లోపల గుంటలు పడిన, నల్లబడిన పాత గిన్నెలను వదిలివేయడం మంచిది.

అసలైన ప్రమాదం మరొకచోట ఉన్నది. ఏ రకపు తుక్కు కలిసిందో తెలియని లోహాన్ని కరిగించి పోతపోసిన పాత్రలలో సీసం ఉండవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుండి సీసం ఆహారంలోకి దిగుతున్నదని హెచ్చరించింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దానికి రుచి లేదు, వాసన లేదు, కంటికి కనబడదు. కావున పేరూ ముద్రా లేని పోతగిన్నెను, ధర తక్కువని కొనడం తగదు. మన దేశంలో స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ ముద్రను తప్పనిసరి చేస్తూ కేంద్రప్రభుత్వం 2024 మార్చి 14న ఉత్తర్వు వెలువరించింది. కొనేవారు ఆ ముద్రకోసం చూడటం నేర్చుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ ఇనుముకు క్రోమియం కలిపి తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. క్రోమియం గాలితో కలిసి కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. పులుపును తట్టుకోవడంలో, శుభ్రపరచడంలో ఉన్న సౌలభ్యంవల్ల స్టీలు మన ఇళ్ళను జయించింది. పాతబట్టలు ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకోని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. ఆ వెల్లువలో నాయనమ్మల నాటి ఇత్తడి గుండిగలు, గంగాళాలు తూకానికి వెళ్ళిపోయాయి. శ్రీకాకుళం జిల్లా బుడితి, పశ్చిమగోదావరి ప్రాంతపు అజ్జరం వంటి ఊళ్ళలో తీర్చిదిద్దిన ఇత్తడి పనితనం విలువ తూకపురాయికి తెలియదు.

స్టీలు విషయంలో ఒక అపోహ ఉన్నది. అయస్కాంతం అంటుకుంటే అది నకిలీ స్టీలని చాలామంది నమ్ముతారు. ఇది సరికాదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన మేలురకం స్టీలుకు సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చౌకరకానికీ అంటుకోదు. నికెల్ లేని మరొక రకానికి అంటుకుంటుంది. అదీ నిజమైన స్టెయిన్‌లెస్ స్టీలే. కనుక అయస్కాంతం నాణ్యతను చెప్పదు. అది చెప్పేది ఒక్కటే – ఆ గిన్నె ఇండక్షన్ పొయ్యిమీద పనిచేస్తుందో లేదో. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతం అంటుకునే, చదునైన అడుగు ఉండాలి.

స్టీలుకు గల అడుగంటే దోషాన్ని పోగొట్టడానికి రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం పొర పెట్టి మూడుపొరల పాత్రలను చేస్తున్నారు. వేడి నడపడానికి అల్యూమినియం, ఆహారం తాకడానికి స్టీలు. ధర ఎక్కువైనా నిత్యం వాడే ఒక్క గిన్నెకు ఈ ఖర్చు పెట్టవచ్చు.

అంటుకోని పెనాలు

1938 ఏప్రిల్ 6న అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు శీతలీకరణ వాయువులపై పరిశోధిస్తుండగా అనుకోకుండా టెఫ్లాన్ బయటపడింది. దానిని పూతగా వేసినవే నాన్‌స్టిక్ పాత్రలు. సన్నని సెగమీద, తక్కువ నూనెతో అట్లు పోయడానికి ఇవి అనువైనవి. అయితే సుమారు 260 డిగ్రీలు దాటితే ఈ పూత చెడటం మొదలౌతుంది. ఇంకా వేడెక్కితే హానికరమైన వాయువులు వెలువడతాయి. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పెద్దమంటమీద కొద్ది నిమిషాలలోనే ఆ వేడిని అందుకుంటుంది. జొన్నరొట్టె కోరేది పెద్దమంట. నాన్‌స్టిక్ కోరేది సన్నని సెగ. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఇందులో చెక్కగరిటెనే వాడాలి. పూత లేచిపోయిన పెనాన్ని పక్కన పెట్టాలి.

ప్రెషర్ కుక్కర్

సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న వికారాబాద్ ప్రాంతంలో నీరు 100 డిగ్రీల వద్ద కాక, దాదాపు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. తెరచిన గిన్నెలో ఎంత మంట పెట్టినా నీటివేడి అంతకు మించదు; నీరు ఆవిరి కావడం మాత్రమే త్వరపడుతుంది. ఫ్రాన్సు దేశీయుడు డెనీ పాపాఁ 1679లో ఆవిరిని బంధించే పాత్రను రూపొందించి ఈ హద్దును దాటాడు. నేటి కుక్కరులో ఉష్ణోగ్రత 120 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు వంటి పప్పులు అందులో త్వరగా ఉడికి, ఇంధనం ఆదా అవుతుంది. కుక్కరును మూడింట రెండువంతులకు మించి నింపరాదు. నురుగు పొంగే పప్పులైతే సగమే నింపాలి. ఆవిరి పోయే రంధ్రాన్ని ప్రతిసారి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసుకోవాలి. రబ్బరు చుట్టు గట్టిపడితే మార్చాలి. ఇవి చిన్న విషయాలుగా కనిపించినా, వీటిని మరచినప్పుడు జరిగే ప్రమాదాలు చిన్నవి కావు.

కుల్కచర్ల వంటింటికి ఎన్ని పాత్రలు?

ఇంతవరకు చెప్పిన గుణదోషాలను ఒక ఇంటికి అన్వయించి చూద్దాం. కుల్కచర్లలో నలుగురున్న ఒక కుటుంబం. ఉదయం జొన్నరొట్టె, కూర, మధ్యాహ్నం అన్నం, పప్పు, పులుసు, గ్యాసుపొయ్యి. ఈ ఇంటికి ఐదు పాత్రలు చాలు. రొట్టెలకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంగల ఇనుప పెంక ఒకటి. కూరలకు, వేపుళ్ళకు ఇనుప మూకుడు ఒకటి. అన్నానికి, పప్పుకు ఐదు లీటర్ల కుక్కరు ఒకటి. పులుసుకు, చారుకు మట్టిచట్టి లేదా మందపాటి అడుగుగల స్టీలు గిన్నె ఒకటి. పాలకు, టీకి చిన్న స్టీలు గిన్నె ఒకటి. పండుగలకు, శుభకార్యాలకు కావలసిన పెద్దపాత్రలను కొని అటకమీద ఉంచనక్కరలేదు. ఆ పూటకు అద్దెకు తెచ్చుకోవచ్చు.

పరిగి, వికారాబాద్, తాండూరు దుకాణాలలో పది గిన్నెలు ఒక పెట్టెలో అమర్చి తక్కువ ధరకు అమ్మే జతలు కనిపిస్తాయి. ఆ పదింటిలో మనకు నిత్యం పనికివచ్చేవి రెండో మూడో ఉంటాయి. అవి కూడా తరచు పలుచగా ఉంటాయి. అదే డబ్బుతో బరువైన మంచి పాత్రలు రెండు కొనడం వివేకం. కొనేముందు అడుగును చదునైన బల్లమీద పెట్టి ఊగుతున్నదేమో చూడాలి. పిడి బిగువుగా ఉన్నదా, నిండినప్పుడు ఒంటిచేత్తో ఎత్తగలమా అని పరీక్షించాలి. అడుగు పొయ్యిమంటకంటె వెడల్పుగా ఉండాలి. అంచులు దాటిపోయే మంట పాత్రను కాక గాలిని కాచుతుంది. పొయ్యి మారితే పాత్ర కూడా మారవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి. మూడు రాళ్ళ పొయ్యిమీద గుండ్రని అడుగుగల కుండ కుదురుగా నిలిచింది. గ్యాసుపొయ్యికి చదునైన అడుగు కావాలి. ఇండక్షన్ పొయ్యికి చదునుతోపాటు అయస్కాంతగుణమూ కావాలి.

మీలో కొందరు రేపు పైచదువులకు హైదరాబాదు వెళ్ళి, చిన్నగదిలో స్వయంగా వండుకోవలసి రావచ్చు. మీకు మూడు పాత్రలు సరిపోతాయి: రెండు లేదా మూడు లీటర్ల కుక్కరు, చిన్న ఇనుప మూకుడు, మూతగల స్టీలు గిన్నె. ఇండక్షన్ పొయ్యి వాడేవారు కొనేముందు ప్రతి పాత్ర అడుగుకూ అయస్కాంతం పెట్టి చూసుకోవాలి. అమ్మ ఇచ్చే పాత ఇనుప మూకుడు అడుగు చదునుగా ఉంటే దానిని కాదనవద్దు. కొత్తదానికంటె అదే మేలు. దానిమీది నల్లని పొరను తయారుచేయడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది.

పాత్రల ఎంపిక ఇంటిలో ఆడవారి వ్యవహారమని తేలికగా తీసివేసే ధోరణి మన సమాజంలో ఇంకా పోలేదు. కానీ సీసం కలిసిన గిన్నె ఆడ, మగ భేదం చూడదు. అందులో వండిన అన్నం ఇంటిలో అందరూ తింటారు. తినేవారందరూ తెలుసుకోవలసిన విద్య ఇది. ఈ సాయంత్రం మీ ఇంటి వంటగదిలోకి వెళ్ళి ఒక్కొక్క గిన్నెనూ చేతిలోకి తీసుకోండి. ఇది ఏ లోహం, అడుగు ఎంత మందం, ఇందులో పులుపు వండవచ్చునా, పూత లేచిందా అని పరిశీలించండి. ఏ గిన్నె ఎందుకు ఎన్నుకున్నారో వండేవారిని అడిగి తెలుసుకోండి. పాత్రతగల పాత్రలు ఏవో, మార్చవలసినవి ఏవో అప్పుడు మీకే తెలుస్తుంది.